జవాబు రేపు పొద్దున

2012 వానాకాలంలో ఒక రోజు ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు మా ఆయన గేటు పక్కన గోడకు తగిలించిన బోర్డు మీద పది ప్రశ్నలు రాశారు. అంతకు ముందు రోజూ రాశారు, ఆ తర్వాతి రోజూ రాశారు. ఆ రోజుకు ప్రత్యేకత ఏమీ లేదు. పొయ్యి మీద పాలు పెట్టి గడియారం చూశాను కాబట్టి గుర్తుంది. బోర్డు మీద సుద్దముక్క నడిచే చప్పుడు వంటింట్లోకి వినిపించేది.

అశోక్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇల్లు ఒక ఇరుకు సందులో ఉండేది. చుట్టూ హాస్టళ్లు, రీడింగ్ రూములు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్లు చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకాలని పొద్దున్నే బయల్దేరేవాళ్లు. వాళ్లు మా గేటు దగ్గర ఆగి ఆ పది ప్రశ్నలూ నోటుబుక్కుల్లో ఎక్కించుకునేవాళ్లు. ఆ పరీక్షల లోకంలో వీటిని బిట్లు అంటారు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, అందులో సరైనది ఒకటే. మా ఆయన పద్ధతి ఏమిటంటే, ప్రశ్న ఈరోజు ఇస్తారు, జవాబు రేపు పొద్దున ఇస్తారు. ఈ మధ్యలో ఎవరు వచ్చి బతిమాలినా చెప్పరు. రోజంతా వాళ్లు టీ కొట్టు దగ్గరా మెస్సులోనూ వాదించుకోవాలి. వాదించుకున్నదే గుర్తుంటుందని ఆయన నమ్మకం.

ఆయన పదిహేనేళ్లు నారాయణగూడలో ఒక కోచింగ్ సెంటర్లో రాజ్యాంగం చెప్పారు. మూడు వందల మంది పట్టే హాలు. మైకు సగం రోజులు పనిచేసేది కాదు. ఆ ఏడు ఎండాకాలంలో గొంతు బొంగురుపోయింది, తర్వాత పూర్తిగా పోయింది. ఆరు నెలలు ఒక్క మాట మాట్లాడకూడదని, గుసగుస కూడా వద్దని డాక్టరు చెప్పాడు. సెంటర్ వాళ్లు ఆయన క్లాసు ఇంకొకరికి ఇచ్చారు. వాళ్లను తప్పు పట్టను. హాలు నిండా మనుషులు కూర్చుని ఉంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా.

అప్పట్నుంచి ఆయన నాతో చీటీల మీదే మాట్లాడేవారు. పాత మోడల్ పేపర్లను నాలుగు ముక్కలుగా చింపి వెనకవైపు రాసేవారు. క్లాసు చేజారిన వారం ఒక చీటీ ఇచ్చారు. "మాట్లాడని మాస్టారు మాస్టారు కాదు." గొంతు సంగతి డాక్టరు చూసుకుంటాడు. తాను మాస్టారునన్న సంగతి ఆయనే వదిలేసుకుంటే ఎవరూ చూడలేరు. నాకున్న భయం అదే. అందుకే ఆ బోర్డు కొనుక్కొచ్చింది నేనే.

బోర్డు బాగా నడిచింది. మరీ బాగా నడిచింది. పొద్దున ఆరింటికి సందులో నలభై మంది నిలబడితే స్కూటరు కూడా పోయేది కాదు. ఇంటి ఓనరు పెద్దాయన, మా పై అంతస్తులోనే ఉండేవారు. మంచివారే. ఒకరోజు దిగివచ్చి గోడ వైపు చూస్తూ అన్నారు.

"అమ్మా, సార్ అంటే నాకు గౌరవమే. కానీ ఎదురింటాయన కారు తీయలేకపోతున్నడు. వచ్చే నెల వరకే, ఆ తర్వాత బోర్డు వద్దు."

"పిల్లలు చదువుకోవడానికే కదండీ."

"చదువుకోమనండి. నా గేటుకు ఆనుకుని చదువుకోవద్దు."

మా ఆయన లోపల్నుంచి అంతా విన్నారు. చేతిలోని సుద్దముక్క డబ్బాలో వేసి మూత పెట్టారు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

పెళ్లికి ముందు నేను బషీర్‌బాగ్‌లో ఒక చిన్న ఆఫీసులో వెబ్ పేజీలు తయారుచేసే పని చేశాను. అప్పటికి తొమ్మిదేళ్ల కిందటి మాట. ఇంట్లో పాత కంప్యూటరు ఉంది. బోర్డును సైటుగా మారుస్తానని ఆయనతో చెప్పి, వారం రోజులు కూర్చుని నాకు తెలిసిన పద్ధతిలో ఒక పేజీ రాశాను. ప్రశ్నలు, జవాబులు, తేదీలు, పేజీ రంగులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టాను. అరవై ప్రశ్నలదాకా బాగానే ఉంది. ఆ తర్వాత నాలుగో ప్రశ్నలో ఒక మాట సరిచేస్తే కింద పట్టిక పక్కకు జరిగేది. ఒకరోజు ఏదో చిన్న గుర్తు పొరపాటున చెరిపేశాను. తెర మొత్తం తెల్లగా వచ్చింది. ఏది చెరిపానో కనుక్కోవడానికి ఒక పూట పట్టింది.

ఆ పూటే పక్క సందు హాస్టల్లో ఉండే అమ్మాయి వచ్చింది. మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఇంజనీరింగ్ చదివి, రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది వదిలేసి గ్రూప్స్‌కు చదువుతోంది. నన్ను అక్కా అనేది. నిన్నటి ఏడో బిట్టు మీద డౌటు అడగడానికి వచ్చి నా తెర చూసింది.

"ఏందక్కా ఇది?"

"సైటు."

"సైటా? మా హాస్టల్ బకెట్ లెక్కుంది. సబ్బు అండ్లనే, బ్రష్షు అండ్లనే, పిండిన బట్టలు అండ్లనే."

"పనిచేస్తోంది కదా."

"ఇయ్యాల చేస్తది. రేపు సార్ ఒక బిట్టు మార్చుమంటే?"

మూడు రోజులుగా జరుగుతున్నది అదే.

"పరేషాన్ గాకు. ఫ్రేమ్‌వర్క్ వాడుదం. నేను చెప్త. నువ్వు నాకు సార్‌ను అడిగి రాజ్యాంగం ఆర్టికల్స్ డౌట్లు తీర్పియ్యి. ఓకేనా?"

మర్నాడు సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో ఉచితంగా దొరికే ఒక ఫ్రేమ్‌వర్క్, అంటే సైటు కట్టడానికి ఎవరో ముందే అమర్చిపెట్టిన చట్రం, తెచ్చింది. కంప్యూటర్లో పెట్టి తెరిస్తే లోపల చాలా ఫోల్డర్లు ఉన్నాయి. మనకు కావాల్సినవి మూడే అంది. మోడల్, వ్యూ, కంట్రోలర్. మోడల్ దగ్గర సమాచారం ఉంటుంది. వ్యూ అంటే కంటికి కనిపించేది. కంట్రోలర్ మధ్యలో ఉండి పని జరిపిస్తుంది. నేను తలూపాను. మాటలు అర్థమయ్యాయి, పని అర్థం కాలేదు. సమాచారం ఉంది, కనిపించే పేజీ ఉంది, మధ్యలో ఇంకొకటి దేనికని అడిగాను. ఆమె ఇంకో రకంగా చెప్పింది. అదీ ఎక్కలేదు.

అంతలో గేటు దగ్గర ఎవరో పిలిచారు. ఒకబ్బాయి. ఆరో బిట్టులో సార్ ఉద్దేశం లోక్‌సభ ఒక్కటేనా, రెండు సభలూనా అని అడిగాడు. నేను లోపలికి వెళ్లి మా ఆయన్ను అడిగాను. ఆయన నోటుబుక్కు తీసి చూసి, చీటీ మీద "రెండూ" అని రాశారు. నేను గేటు దగ్గరికి పోయి రెండు సభలూ అని చెప్పి వచ్చాను. రోజుకు ఇలా ఇరవైసార్లు తిరిగేదాన్ని.

కుర్చీలో కూర్చోబోతుంటే ఆ అమ్మాయి నవ్వుతోంది.

"ఇప్పుడు నువ్వేం చేసినవక్కా?"

"ఏం చేశాను? అడిగింది లోపల అడిగి చెప్పాను."

"నీకు జవాబు ముందే ఎరుకనా?"

"నాకేం తెలుసు రాజ్యాంగం."

"గదే కంట్రోలర్."

పుస్తకాలు ఎక్కువ చదవడం వల్లనేమో నాకు పోలికల మీద నమ్మకం తక్కువ. ఒక వస్తువు ఇంకో వస్తువులా ఉందంటే, రెంటిలో దేన్నీ సరిగ్గా చూడలేదని అనుమానం వస్తుంది. కానీ ఇది పోలిక అనిపించలేదు. మా ఇంట్లో రోజూ జరుగుతున్న పనినే ఇంకొకరు ఇంకోచోట రాసి పెట్టారు. ఆయన నోటుబుక్కులో ప్రశ్న, జవాబు, వివరణ అన్నీ ఉంటాయి. బోర్డు మీద వాళ్లు చూడాల్సింది మాత్రమే ఉంటుంది. నా దగ్గర ఏమీ ఉండదు. ఎవరు ఏం అడిగారు, ఎవర్ని అడగాలి, ఎంత చెప్పాలి, ఇంతే నా పని. నాకు జవాబులు తెలియకపోవడం వల్ల నష్టం లేదు. తెలిస్తేనే ప్రమాదం, ఎప్పుడో నోరు జారతాను.

ఆ సాయంత్రం మూడు ఫోల్డర్లలో మూడు ఫైళ్లు రాస్తే తెర మీద "నేటి ప్రశ్నలు" అని వచ్చింది.

"రెండు మాటలకు మూడు ఫైళ్లా?" అన్నాను.

"వెయ్యి బిట్లకు గూడ మూడేనక్కా."

ఆ తర్వాతి మూడు వారాలు నాకు చాలా ఇష్టంగా గడిచాయి. ఆయన పాత ప్రశ్నలన్నీ ఎప్పుడో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించి సీడీలో పెట్టి ఉంచారు. వాటిని అలాగే పేజీలోకి తెస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. అక్కడి ఫాంటు వేరు, ఇంటర్నెట్‌లో తెలుగు వేరు. అందుకని మొత్తం మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని, కాగితం మీద స్కేలు పెట్టి, నేను ఏ వరుస కొట్టాలో చూపించేవారు. నేను తప్పు కొడితే స్కేలుతో బల్ల మీద ఒకసారి తట్టేవారు. రెండుసార్లు తడితే టీ కావాలని. ఆయన గొంతు లేని ఆ మధ్యాహ్నాల్లో మేం దెబ్బలాడుకున్నట్టు గుర్తులేదు.

మోడల్ సిద్ధమయ్యాక నేను ఒక పొరపాటు చేశాను. ప్రశ్న కింద ఒక బటన్ పెట్టి, అది నొక్కితే జవాబు కనిపించేలా రాశాను. అన్ని సైట్లలోనూ అలాగే ఉంటుంది. చూసి మెచ్చుకుంటారని ఆయన్ను పిలిచాను. నాలుగుసార్లు నొక్కారు. చీటీ తీసుకున్నారు.

"ఇది బోర్డు కాదు. వెనక పేజీ తిప్పి చూసుకునే గైడు."

దాని కింద ఇంకో వరుస. "జవాబు రేపు పొద్దున ఐదున్నరకు."

"రాత్రి పన్నెండుకు తేదీ మారుతుంది కదండీ. అప్పుడే వచ్చేలా చేస్తే సులువు" అన్నాను.

"పన్నెండుకు రేపు రాదు. లేచినప్పుడు వస్తుంది."

హాస్టల్ అమ్మాయికి ఆ చీటీ చూపిస్తే, "సార్‌కు క్లయింట్ లక్షణాలు మస్తుగున్నయ్" అంది. కానీ ఆ పని ఎక్కడ చేయాలో తనే చూపించింది. మోడల్ దగ్గర జవాబు ఎప్పుడూ ఉంటుంది. వ్యూ తనకు ఇచ్చింది చూపిస్తుంది. ఇవ్వాలా వద్దా అని కంట్రోలర్ గడియారం చూసి నిర్ణయిస్తుంది. ఉదయం ఐదున్నర దాటితే కొత్త ప్రశ్నలు ఇవ్వాలి, వాటి కింద నిన్నటి జవాబులు ఇవ్వాలి. దాటకపోతే నిన్నటి పేజీనే ఇవ్వాలి. ఆరు వరుసలయింది. మా కంప్యూటర్లో వారం రోజులు పరీక్షించాం. ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఓనరు గడువిచ్చిన నెల చివరి ఆదివారం సాయంత్రం సైటు తెరిచాం. బోర్డు తీసి మంచం కింద పెట్టాం. తీసిన చోట గోడ మీద సైటు చిరునామా రాసిన కాగితం అంటించాను. గంటలో మొదటి ఫిర్యాదు వచ్చింది. సగం మంది ఫోన్లలో తెలుగు రావడం లేదు, అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తున్నాయి.

"ఒక్క ముక్క లేదక్కా, డబ్బాలే డబ్బాలు" అంది హాస్టల్ అమ్మాయి, తన ఫోను నా ముందు పెట్టి.

ఏం చేస్తున్నారో చూద్దామని ఇద్దరం చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీది నెట్ సెంటర్‌కు వెళ్లాం. పిల్లలే దారి కనుక్కున్నారు. ఒకరు నెట్ సెంటర్లో పేజీ ప్రింటు తీసుకుంటున్నారు, మిగతావాళ్లు దాన్నే జిరాక్సు చేయించుకుంటున్నారు. కాకపోతే నేను వేసిన నీలం రంగు జిరాక్సులో నల్లగా పడి, మొదటి మూడు ప్రశ్నలు కనిపించడం లేదు. ఇంటికొచ్చి ప్రింటు కోసం ఇంకో వ్యూ రాశాను. రంగులు లేవు, రెండు వరసల్లో పది ప్రశ్నలు, ఒక పేజీకి సరిపోయేలా. గంట కూడా పట్టలేదు. ప్రశ్నలను ముట్టుకోలేదు, కంట్రోలర్లో ఒక్క చిన్న మార్పు. అంతకు ముందు అదే మార్పుకు నాకు మూడు రోజులు పట్టేది. ఫ్రేమ్‌వర్క్ దేనికో నాకు పూర్తిగా అర్థమైంది ఆ ఆదివారమే.

సోమవారం పొద్దున ఆయన అలవాటు ప్రకారం లేచి, చేయడానికి పని లేక ముందు గదిలో కూర్చున్నారు. కొత్త పది ప్రశ్నలు ముందురోజే ఎక్కించాం. ఆరుంబావుకు గేటు చప్పుడైంది. నలుగురు. ఆరున్నరకు పదకొండు మంది అయ్యారు.

"అక్కా, సార్‌కు ఏమన్న అయిందా?"

"ఏమీ కాలేదు. ఎందుకు?"

"కొత్త బిట్లు రాలే. నిన్నటి జవాబు రాలే. సార్ ఎప్పుడు గిట్ల చెయ్యడు. హాస్పిటల్ల ఉన్నడని మా మెస్సుల అంటున్నరు."

ఒకతను అప్పటికే ఫ్లాస్కులో పాలు తెచ్చాడు. ఇంకొకరు ఏ ఆస్పత్రి అని అడుగుతున్నారు. నేను కంప్యూటర్ తెరిచి చూశాను. నిన్నటి పేజీ అలాగే ఉంది. మా కంప్యూటర్లో సరిగ్గా ఉన్నది అక్కడెందుకు లేదో తెలియలేదు. ఎవరో పరుగెత్తి హాస్టల్ అమ్మాయిని పిలుచుకొచ్చారు. తల కూడా దువ్వుకోకుండా వచ్చి, రెండు నిమిషాలు చూసి నుదురు కొట్టుకుంది.

"అక్కా, మన సైటు పెట్టనీకి స్థలం తీసుకున్న సర్వర్ అమెరికాల ఉంది. ఆడ ఇంక నిన్ననే. ఆదివారం సాయంత్రం ఏడైంది గంతే. ఐదున్నర గావాల్నంటే దానికి ఇంకో పది గంటలు గావాలె."

మేమిద్దరం కంట్రోలర్‌కు గడియారం చూడమని చెప్పాం. ఎవరి గడియారమో చెప్పలేదు. రాత్రి పన్నెండుకు మార్చమని రాసి ఉన్నా ఇదే పొరపాటు జరిగేది.

ఈలోగా మా ఆయన బయటికి వచ్చారు. ఆయన్ను చూసి అందరూ ఒక్కసారి మాట్లాడారు.

"సార్, బాగున్నరా?"

"సార్, జవాబు రాలే. మూడోది నేను బి అంటున్న, వీడు డి అని కొట్లాడుతుండు."

"డి యే సార్! రాష్ట్రపతి ఎన్నికల నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. తొలగించేటప్పుడు మాత్రం ఉంది. అవునా, కాదా?"

"ఎన్నుకోనికి లేని ఓటు తీసెయ్యనికి ఎట్లొస్తదిరా?"

"అదే కదరా అడిగిండు సార్!"

ఆయన గేటు పట్టుకుని నిలబడి పావుగంట విన్నారు. ఒకరు తప్పు చెబితే కనుబొమలు పైకెత్తారు, అతను అక్కడే ఆగి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. పదిహేనేళ్లు హాల్లో ఆయన మాట్లాడుతుంటే వాళ్లు రాసుకునేవాళ్లు. వాళ్లు మాట్లాడుతుంటే ఆయన వినడం నేను అప్పుడే చూశాను. చివరికి అందరూ ఆయన వైపు తిరిగారు. చీటీ రాసి ముందు నిలబడ్డ అతనికి ఇచ్చారు. అతను గట్టిగా చదివాడు.

"జవాబు కంప్యూటర్‌కు ఇచ్చేశాను. నా దగ్గర లేదు."

అందరూ నవ్వారు. పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. ఓనరు తల బయటపెట్టారు.

"అమ్మా, బోర్డు తీయించింది జనం రావొద్దని కదా!"

సర్వర్‌కు హైదరాబాదు టైము చూడమని ఒక వరుస రాసి ఎక్కించేసరికి ఏడు దాటింది. హాస్టల్ అమ్మాయి గేటు దగ్గరికి వచ్చి "వచ్చినయ్" అంది. మూడోదానికి జవాబు డి. గెలిచినతను కేక వేశాడు. పాలు తెచ్చినతను ఫ్లాస్కు వదిలేసి పోయాడు, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లాడు. ఆ రోజు ఆయన మర్నాటి పది ప్రశ్నలతో ఆగలేదు. వారానికి సరిపడా రాసిచ్చారు. చేయి నొప్పిపుట్టేదాకా రాశారు. నా భయం ఆ రోజుతో పోయింది.

డిసెంబరుకు ఆయన గొంతు కొంత వచ్చింది. సన్నగా, గాలి ఎక్కువగా ఉండేది. హాల్లో చెప్పడానికి పనికొచ్చే గొంతు కాదు. ఆయన అడగనూ లేదు. ముందు గదిలో ఎనిమిది మందిని కూర్చోబెట్టుకుని వాళ్లు వాదించుకుంటుంటే మధ్యలో ఒక్కో మాట చెప్పేవారు. మిగతావాళ్లకు సైటు ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చాలా ప్రశ్నలకు జవాబులు మారిపోయాయి. అసెంబ్లీ స్థానాలు రెండు వందల తొంభై నాలుగు అని ఉన్నచోట నూట పంతొమ్మిది కావాలి. ఆయన ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి ఇచ్చారు, నేను మోడల్‌లో మార్చాను. పేజీల జోలికి పోలేదు. మధ్యాహ్నం టీ వేళకు అయిపోయింది.

ఆ సైటు చూపిస్తేనే నాకు బషీర్‌బాగ్‌లో మళ్లీ పని దొరికింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఫ్రేమ్‌వర్క్ చెప్పేది నేనే. మొదటి రోజు అందరూ నేనడిగిన ప్రశ్నే అడుగుతారు, మధ్యలో ఇంకొకటి దేనికని. హాస్టల్ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. జిల్లాలో ఆఫీసరు. పండక్కీ పబ్బానికీ కాదు, ఊరికే గుర్తొచ్చినప్పుడు ఫోను చేస్తుంది.

ఆయన పోయి మూడేళ్లు దాటింది. ఆస్పత్రిలో చేరడానికి ముందురోజు కూడా పది ప్రశ్నలు రాసిచ్చారు. ఆ నోటుబుక్కులు పద్నాలుగు ఉన్నాయి. నేను వాటిని అప్పుడప్పుడు చదువుతాను. చేతిరాత బాగుంటుంది, కొట్టివేతలు తక్కువ. ఇన్నాళ్లకు రాజ్యాంగం నాకూ కొంత వచ్చింది.

సైటు ఇంకా నడుస్తోంది. పాత ప్రశ్నలే రోజుకు పది చొప్పున మొదటి నుంచి వస్తున్నాయి. చూసేవాళ్లున్నారు. తప్పులుంటే రాస్తారు, నేను సరిచేస్తాను. కొత్త ప్రశ్నలు మాత్రం పెట్టడం లేదు.